గున్న పాలు ముట్టని రోజు

"కంపు కొట్టింది గొంగళి కాదు, నీ ముక్కు," అంటోంది కామసాని, అప్పటికి నాలుగోసారి.

"ముక్కున్నది వాసన చూడ్డానికే కదత్తా," అంది కుందమ. ఆ పిల్ల ఏడుస్తూ కూడా జవాబు చెప్పగలదు. "మా పుట్టింట్లో పక్షానికోసారి దుప్పట్లన్నీ ఏట్లో వేసి జాడిస్తాం. ఎవరూ చచ్చిపోలేదు."

"ఇక్కడ చస్తుంది. అదిగో, చూడు. చస్తోంది."

కుందమ తిరిగి చూసింది. పాకలో, గడ్డి పరుపు మీద, నాలుగు నెలల ఏనుగు గున్న పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని ముందు రెండు గుంజల మధ్య నల్లగొంగళి వేలాడుతోంది. కుంకుడురసంతో ఉతికి ఎండలో ఆరేసిన గొంగళి, ఉన్ని విచ్చుకుని, కొత్తదానిలా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమే ప్రాణం మీదికి తెచ్చింది.

వజ్రకూట రాజ్యానికి దక్షిణపు అంచున, కరివనం మొదలయ్యే చోట ఉన్న ఆ ఇంటిని గున్నలవాడ అంటారు. తల్లులు చచ్చిన ఏనుగు గున్నలను తెచ్చి, సాకి, తిరిగి అడవికి అప్పగించడం ఆ ఇంటివాళ్ళకు ఏడు తరాల పని. గున్న దొరికిన చోటే, చచ్చిన తల్లి ఒళ్ళంతా ఒక కొత్త గొంగళితో రుద్దుతారు. చెవుల వెనకా, మెడ ముడతల్లో, ముందుకాళ్ళ మధ్య రొమ్ముల మీదా పట్టిపట్టి రుద్దుతారు. ఇంటికి తెచ్చాక ఆ గొంగళిని తల్లి పొట్ట ఎత్తున కడతారు. గున్న తొండం దానికి ఆనించి, ఆ వాసన పీల్చుకుంటూ, గొంగళి చాటు నుంచి వెదురుబొంగుతో పోసే కొబ్బరిపాల గంజి తాగుతుంది. పోసేది ఎవరైనా దానికి ఒక్కటే. దానికి తెలిసింది తల్లి ఒక్కతే. ఆ గొంగళిని ఉతకకూడదని ఏడు తరాలుగా ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు. కుందమ కాపురానికి వచ్చి పద్దెనిమిది రోజులే అయింది.

ఆ ఇంట్లో ఇంకో నియమం ఉంది. గున్నకు పేరు పెట్టరు. పేరున్నదాన్ని పిలవాలనిపిస్తుంది. పిలిస్తే వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చే ఏనుగు అడవిలో బతకదు.

ఇంటి పెద్దకోడలు మైలమ ఈ గొడవలో కలగజేసుకోలేదు. గున్న పక్కన గొంతుక్కూర్చుని, వెదురుబొంగు దాని పెదవికి ఆనించి చూస్తోంది. గున్న తొండం ఎత్తి గొంగళిని తడిమింది, వాసన చూసింది, తొండం వదిలేసింది. పాలు దాని దవడ మీదుగా గడ్డిలోకి కారిపోయాయి.

"వదినా, వేరే ఏనుగు వాసన పట్టిస్తే?" అన్నాడు కుందమ మొగుడు గొంకన.

"నీకు వేరే అమ్మను తెచ్చి చూపిస్తే సరిపెట్టుకునేవాడివా?" అంది కామసాని.

"రోజుకు ఇన్నిసార్లు తిట్టకుండా ఉంటే ఆలోచించేవాణ్ణి."

గంజి కలుపుతున్న మామ బేతయ్య గరిటె ఆపాడు. "నిన్న పొద్దున తాగింది. ఇవాళ పొద్దు గుంకేదాకా ఓర్చుకుంటుంది. ఆపైన తాగుదామనుకున్నా దానికి మింగుడు పడదు," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

తల్లి ఏనుగు వాసన ఇంకెక్కడా లేదు. పన్నెండు రోజుల కిందట దాన్ని గోతిలో పడేసి చంపినవాళ్ళు, ఇంటివాళ్ళు గొంగళి రుద్ది గున్నతో వచ్చేయగానే కళేబరానికి నిప్పు పెట్టారు.

"ఒక్కచోట ఉంది," అంది మైలమ.

ఎక్కడో అందరికీ తెలుసు. ధూమగిరి కోటలో ఉండే కంకాళదత్తుడనే మాంత్రికుడు పాలిచ్చే తల్లి ఏనుగులను వేటాడి చంపిస్తాడు. వాటి కుంభస్థలం చీల్చి గజముత్యం తీయిస్తాడు. అలాంటివి అరవై నాలుగు మెడలో వేసుకుంటే మరణం ఉండదని అతని నమ్మకం. అరవై మూడు పోగయ్యాయి. అరవై మూడోది ఈ గున్న తల్లిది.

మూడు నెలల కిందట, వేరే గోతిలో పడిన ఏనుగును కాపాడబోయి మైలమ మొగుడు రుద్రన అందులోకి దిగాడు. కంకాళదత్తుడు గట్టు మీద నిలబడి చూశాడు. ముత్యం తీయడం పూర్తయ్యాక, "పూడ్చేయండి," అన్నాడట. మనిషి ఇంకా లోపలే ఉన్నాడని ఎవరో చెబితే, "పూడ్చమన్నాను కదా," అన్నాడట. తప్పించుకు వచ్చిన వేటగాడొకడు ఈ రెండు మాటలూ మైలమకు చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఆ రెండు మాటలతోనే నిద్ర లేస్తోంది.

ఆమె పెట్టె తెరిచి ముతక నీలంచీర తీసింది. పట్టుదారపు ఉండలు, సూదులు, మైనపు ముద్ద మూట కట్టింది. ముత్యాలు గుచ్చే ఆడవాళ్ళు అలాంటి మూటే చంకన పెట్టుకుని తిరుగుతారు. కొప్పులో ఒక చిన్న బాకు దోపుకుంది.

కామసాని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వాసన కోసం పోతున్నావా, పగ కోసమా?"

"రెండూ ఒక్క మెడలోనే ఉన్నాయత్తా."

ముసలామె గుమ్మం మీద నుంచి చెయ్యి తీసింది. చచ్చింది ఆమె కొడుకే. "వెళ్ళు," అంది చివరికి. "ఏనుగును మాత్రం ఇందులోకి లాగకు. మనిషిని తొక్కినదాన్ని మంద దగ్గరికి రానివ్వదు. రాజు బతకనివ్వడు."

మైలమ ఆ మాటకు తల ఊపలేదు. పక్కకు తప్పుకుని మెట్లు దిగింది.

కరివనం ఆ వేళ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. మోదుగులు చెట్టుకొక మంట చొప్పున వెలిగించుకుని నిలబడ్డాయి. రేలపూల గుత్తులు కొమ్మకొమ్మకూ పచ్చటి సరాలు వేలాడదీశాయి. నేల మీద రాలిన ఇప్పపువ్వు మీద జింకల అడుగులు, ఆ అడుగుల్లో మంచునీళ్ళు, ఆ నీళ్ళలో ముక్కలుగా ఆకాశం. అడవంతా తేనె వాసన. ఇవేవీ మైలమకు కనబడలేదు. పరుగులాంటి నడకతో ఎర్రగట్టు దాటి, వెదురు డొంకల దగ్గర ఆగి, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచింది.

"కొండడా."

వెదుళ్ళు పెళపెళమన్నాయి. పడుచు మగ ఏనుగు ఒకటి డొంకలు విడదీసుకుని బయటికి వచ్చింది. దంతాలు మూరెడున్నర. ఎడమ చెవికి చిరుగు. తొండం చాచి ఆమె మెడ, చంకలు, మూట అన్నీ వాసన చూసి, సంతోషంతో గుర్రుమంది.

పన్నెండేళ్ళ కిందట ఆ ఇంటికి గున్నగా వచ్చిన ఏనుగు అది. నాలుగేళ్ళ కిందట అడవికి పంపేశారు. రుద్రన పోయిన తరవాత మైలమ దాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. పేరు పెట్టింది. కంకాళదత్తుడూ అతని వేటగాళ్ళూ ఒంటికి పూసుకునే పునుగు తైలాన్ని గుడ్డలకు పట్టించి, గడ్డిబొమ్మలకు ఆ గుడ్డలు చుట్టి, ఒక్కొక్క బొమ్మనూ దాని ముందు నిలబెట్టి, "తొక్కు," అని నేర్పింది. మూడు నెలల్లో డెబ్బై బొమ్మలు పిండి అయ్యాయి. ఇంట్లో ఎవరికీ తెలియదు. తేనె కోసం వెళ్తున్నానని చెప్పేది. తేనె తెచ్చేది కూడా.

కొండడి వీపెక్కి కూర్చుంది. దారి ఉన్నచోట దారిన, లేనిచోట చెట్లు విరుచుకుంటూ ఏనుగు పరుగు తీసింది. మేఘవాహిని నది పొంగి పారుతోంది. నడిమధ్యకు చేరేసరికి మొసళ్ళు రెండు వైపుల నుంచీ నీళ్ళు చీల్చుకుంటూ వచ్చాయి. కొండడు తొండంతో ఒకదాని తోక పట్టుకుని తిప్పి రెండోదాని మీదికి విసిరాడు. అవి రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటూ ఉండగా అవతలి గట్టు ఎక్కాడు. మైలమ చీర నడుం దాకా తడిసింది. ఎండ నడినెత్తికి రాకముందే ధూమగిరి కనిపించింది.

అది కొండో కోటో చెప్పడం కష్టం. నల్లరాతి బురుజులు కొండ ఎముకల్లా పైకి పొడుచుకొచ్చాయి. ప్రతి బురుజు కొన నుంచీ సన్నటి పొగ లేచి, పైన కలుసుకుని, కోట మీద ఒక బూడిదరంగు పందిరి వేసింది. ఆ పందిరి కింద పక్షి ఎగరదు, గడ్డి మొలవదు. తలుపుల మీద రాగిరేకుతో చేసిన ఏనుగుచెవులు కొట్టి ఉన్నాయి, ఎన్నిటిని చంపాడో లెక్కకు. మైలమ అరవై దాకా చూసి ఆపేసింది.

కొండణ్ణి కోట వెనక గోడ పక్కనున్న తుమ్మల చాటున నిలబెట్టింది. "పిలిచేదాకా రాకు," అని చెవిలో చెప్పింది.

ద్వారం దగ్గర ఒంటికన్ను రాక్షసుడు నిమ్మకాయలు కొరుక్కు తింటూ కూర్చున్నాడు. "ముత్యాలు గుచ్చేదానివా? పోయిన వారం వచ్చినావిడ అబద్ధమాడింది. అదిగో." ద్వారం లోపల మూడు రాతిబొమ్మలు వరసగా ఉన్నాయి. ముగ్గురూ ఆడవాళ్ళు. ముగ్గురి కుడిచేతులూ సూది పట్టుకున్నట్టు పైకి లేచి ఉన్నాయి.

"సూదిలో దారం ఎక్కించు," అన్నాడు రాక్షసుడు. ఎక్కించబోతుండగా నిమ్మరసం ఆమె కళ్ళలోకి చిమ్మాడు.

మైలమ కళ్ళు మూసుకునే దారం ఎక్కించింది. అర్ధరాత్రి వానలో, తన్నుకుంటున్న గున్నల గాయాలకు కుట్లు వేసిన చేతులవి.

"ఫర్వాలేదే," అన్నాడు రాక్షసుడు కాస్త నిరాశగా. "లోపలికి పో."

కంకాళదత్తుడు ఎలా ఉంటాడో ఆమె రోజూ ఊహించుకునేది. ఇలా ఊహించుకోలేదు. బక్కపలచటి మనిషి, నెరిసిన గిరజాలు, నేలమీద పీట వేసుకుని పెరుగన్నం తింటున్నాడు. ఒంటి నుంచి పునుగు ఘుమాయిస్తోంది. మెడలో అరవై మూడు గజముత్యాలు, ఉసిరికాయలంత, పాలమీగడ రంగువి, దేనికదే లోపల దీపం పెట్టినట్టు వెలుగుతున్నాయి.

"రా అమ్మా, కూర్చో. ఎండనపడి వచ్చావు," అన్నాడు. "ఇవాళ అన్నంలో ఉప్పు లేదు. ఉప్పు మరిచిపోయాడని వంటవాణ్ణి బల్లిని చేశాను. ఇప్పుడు ఉప్పు ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు." చెయ్యి కడుక్కుని, పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఈ ముత్యాలకు చెమట పడుతుంది. ఏ దారమైనా ఏడు రోజులకు చీకిపోతుంది. తెంపి కొత్తది వెయ్యి. ఒక్కటి నేల రాలినా గుమ్మంలో నాలుగో బొమ్మవి నువ్వే."

సరం తీసి రాగిపళ్ళెంలో పెట్టాడు. ముత్యాలు ఒంటి మీద లేని మాంత్రికుడు వట్టి మనిషి. కానీ మైలమ దారం తెంపగానే అతను చెయ్యి చాపి ఒక ముత్యాన్ని ఏరి తీసుకున్నాడు. మిగతావాటి కంటే ఎర్రగా ఉంది అది. నోట్లో వేసుకుని నాలుక కింద పెట్టుకున్నాడు.

"కొత్తది. పన్నెండు రోజులే అయింది. ఇంకా వేడి చల్లారలేదు," అన్నాడు, మాట కొంచెం ముద్దగా. "నా ఎంగిలి తగిలిందంటే ఎక్కడున్నా నన్ను పిలుస్తుంది. ఊఁ, కానియ్."

ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. పళ్ళెంలో ఉన్న అరవై రెండూ ఆ గున్నకు పరాయివి. కిటికీలోంచి పడుతున్న ఎండ గచ్చు మీద ఒక పలక దాటి రెండో పలక మీదికి జరిగింది. ఇంట్లో గున్న మెడ వాల్చేసి ఉంటుంది. మైలమ ఒకటి, రెండు, పది, ఇరవై గుచ్చింది. ముప్పై ఒకటోది గుచ్చి ఆగింది.

"నడిమి ముత్యం కావాలి దొరా. అది పడితేగాని రెండో వైపు సాగదు. పెద్దది, మీ నోట్లోది అయితే అందం."

కంకాళదత్తుడు చిరునవ్వు నవ్వాడు. "గుమ్మంలో ఉన్న ముగ్గురూ సరిగ్గా ఇక్కడే అడిగారు." పీట మీంచి లేచి దగ్గరికి వచ్చి, వంగి, ఆమె జుట్టు వాసన చూశాడు. "కొబ్బరిపాలు. గంజి. ఏనుగు పేడ. గున్నలవాడ కోడలివి నువ్వు. ఆ గోతిలో ఉన్నవాడు నీకేమవుతాడు?"

మైలమ పళ్ళెం ఎత్తి అతని మొహాన కొట్టింది. దారం జారి ముత్యాలు గచ్చంతా వడగళ్ళలా దొర్లాయి.

"కొండడా," అని పిలిచింది.

ఒక్క గుద్దుకు గోడ నెర్రెలిచ్చింది. రెండో గుద్దుకు రాళ్ళు లోపలికి రాలాయి. మూడో గుద్దుకు గోడే లేదు. దుమ్ములోంచి దంతాలు, వాటి వెనక నుదురు, నుదుటి మీంచి నెత్తురు. పునుగు వాసన తగలగానే కొండడు చెవులు విప్పి తొండం చుట్టుకుని నేరుగా మాంత్రికుడి మీదికి నడిచాడు. మైలమ మూడు నెలలుగా కళ్ళు మూసినా తెరిచినా చూస్తున్న దృశ్యం అది.

కంకాళదత్తుడి దగ్గర ఉన్నది ఒక్క ముత్యం. ఒక్క ముత్యానికి ఒక్క మాయే. అతను గిర్రున ఒక చుట్టు తిరిగాడు. ఆ చోట రుద్రన నిలబడి ఉన్నాడు.

ఒంటినిండా గోతిమట్టి, చెంప మీద చిన్నప్పటి కాలిన మచ్చ, ఎడమ భుజం కొంచెం కిందికి. "మైలమా, నేనే," అన్నాడు. "బతికే ఉన్నాను. దాన్ని ఆపు."

"ఆగు," అంది మైలమ. అనాలని అనలేదు. నోరు అనేసింది.

వాసన నమ్ముకున్న ఏనుగుకు మోసం తెలుసు. కానీ పేరు పెట్టి పిలిచిన గొంతు ఆగమంది. కొండడు ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టి ఆగిపోయాడు, ఒళ్ళంతా వణుకుతూ.

"ఎంత చిక్కిపోయావు," అంటూ రుద్రన చేతులు చాచి ఆమె వైపు వచ్చాడు. కళ్ళనిండా ప్రేమ.

ఆ ప్రేమే తప్పు. రుద్రన అయితే ముందు ఏనుగు నుదుటి గాయం చూసేవాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో గున్నలను చూశాక తప్ప ఆమె వంక చూసినవాడు కాదు. ఎన్నిసార్లు దానికోసం అలిగిందో ఆమెకే తెలుసు.

దగ్గరికి రానిచ్చి, బలం కొద్దీ చెంప మీద కొట్టింది. నాలుక కింది ముత్యం నోట్లోంచి ఎగిరి గచ్చు మీద పడింది. మైలమ దాని మీద పడి పిడికిట బిగించింది. రుద్రన రూపం తడిసిన ముగ్గులా చెదిరిపోయింది. కింద బక్కపలచటి ముసలివాడు మోకాళ్ళ మీద పాకుతూ ముత్యాల కోసం తడుముకుంటున్నాడు. ఒంటి మీద ఒక్కటి కూడా లేదు.

"తొక్కు," అంది. ఆ మాటలో మూడు నెలల నిద్రలేమి ఉంది.

కొండడు కదల్లేదు.

అతని తొండం గచ్చు మీద దొర్లిన ఒక ముత్యం దగ్గర ఆగి ఉంది. మెల్లగా తాకాడు. వదిలి, మళ్ళీ తాకాడు. తొండం కొనతో చుట్టూ తడిమాడు, గున్నలు తల్లి మూతిని తడిమినట్టు. పన్నెండేళ్ళ కిందట వాసన చూసి మరిచిపోయిందేదో అక్కడ ఉంది. పునుగు వాసన, నేర్చుకున్న మాట, ఎదురుగా పాకుతున్న మనిషి, ఏదీ అతనికి పట్టలేదు.

"కొండడా, తొక్కు," అంది మైలమ మళ్ళీ.

కొప్పులో బాకు ఉందన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఏనుగు కాళ్ళకు నేర్పింది గాని తన చేతులకు ఏమీ నేర్పుకోలేదు. బాకు లాగి దూకేసరికి కంకాళదత్తుడి వేలికి ఒక ముత్యం తగిలింది. బాకు అతని చెవి తెగ్గోసింది, అంతే. మనిషి పొగయ్యాడు. పొగ కిటికీలోంచి బయటికి పోతూ నవ్వింది.

కోటంతా నగారాలు మోగాయి. కొండడు తన ముత్యాన్ని తొండంతో తీసి నోట్లో దాచుకున్నాడు. మైలమ దంతం పట్టుకుని వీపు మీదికి ఎగబాకింది. విరిగిన గోడలోంచి బయటపడగానే బురుజుల మీంచి బాణాలు కురిశాయి. రెండు కొండడి పిరుదులో దిగాయి. ఒకటి ఆమె కొప్పును పట్టుకుపోయింది. ఒంటికన్ను రాక్షసుడు గదతో అడ్డం వచ్చాడు. కొండడు అతన్ని తోసిన తోపుకు వెళ్ళి తుమ్మముళ్ళలో కూలబడి, నిమ్మకాయల బుట్ట కోసం వెతుక్కుంటూ ఉండిపోయాడు.

మేఘవాహిని గట్టు మీద, వెనక గుర్రాల చప్పుడు దగ్గరపడుతుండగా, కొండడు ఆగాడు. మైలమ కాళ్ళతో పొడిచింది, బతిమాలింది, తిట్టింది. అతను వినలేదు. ముందుకాలితో మెత్తటి మట్టిలో గొయ్యి తీశాడు. నోట్లోని ముత్యాన్ని అందులో పెట్టాడు. మట్టి తోశాడు. రావికొమ్మ ఒకటి విరిచి పైన కప్పాడు. ఇంకో కొమ్మ కప్పాడు. ఒక బాణం వచ్చి ఆ కొమ్మల్లో గుచ్చుకుంది. అప్పుడు నీళ్ళలోకి దిగాడు.

మైలమ దడి దాటేసరికి పొద్దు చెట్ల మీదికి వాలింది. కామసాని ముత్యం అందుకుని గొంగళి ఉన్నిలో పట్టి పొరపొరనా రుద్దింది. కుందమ వెదురుబొంగు పట్టుకుని గొంగళి చాటున కూర్చుంది. గున్న తొండం కొన కదిలింది. గడ్డి మీద పాకి, గొంగళి అంచు తాకి, పైకి ఎగబాకి, ఉన్నిలో ముడుచుకుంది. ఒక గుటక. బేతయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పద్నాలుగో గుటక దగ్గర కుందమ ఏడ్చింది. ఈసారి జవాబులేమీ చెప్పలేదు.

దడి అవతల కొండడు నిలబడి ఉన్నాడు. గొంకన అతని పిరుదులోని బాణాలు పీకి పసుపు పెట్టి, డప్పు కొట్టి అడవి వైపు తోలబోయాడు. కదల్లేదు. తొండం దడి మీదుగా లోపలికి చాచి మైలమ కోసం గాలి వాసన చూస్తున్నాడు.

"పో కొండడా," అంది ఆమె అలవాటుగా. ఏనుగు అడవి వైపు పోలేదు. ఒక అడుగు ఆమె వైపు వేశాడు.

కామసాని రుద్దడం ఆపింది. "పేరు పెట్టావన్నమాట."

"పెట్టాను."

"తొక్కించడానికి."

"అవునత్తా."

"తొక్కాడా?"

"లేదు. వాళ్ళమ్మ కనబడింది. చూసుకుంటూ ఉండిపోయాడు."

ముసలామె ముత్యాన్ని కోడలి చేతిలో పెట్టింది. అది వెచ్చగా ఉంది. కాసేపటి కిందట అంత వెచ్చగా లేదు. మైలమ దక్షిణం వైపు చూసింది. మేఘవాహిని అవతల, చెట్ల తలల మీదుగా, బూడిదరంగు పొగ ఒకటి గాలికి ఎదురు నడుస్తూ ఇటే వస్తోంది.

అందరినీ అరుగు దగ్గరికి రమ్మంది. బేతయ్య గంజి చేతులతోనే వచ్చాడు. కుందమ బొంగు గొంకనకు ఇవ్వబోయి, అతను కూడా వస్తుంటే చంకన పెట్టుకుని వచ్చింది. మైలమ కొప్పు పోయిన జుట్టును ముడి వేసుకుని, మామూలు గొంతుతో, రేపటి వంట చెబుతున్నట్టు చెప్పింది.

"గొంగళికి వాసన పట్టింది. ఇక ముత్యం ఇక్కడ ఉండకూడదు, ఇది ఆ మాంత్రికుణ్ణి పిలుస్తోంది, ఉంటే వాడు ఇంటి మీదికి వస్తాడు. నేను తీసుకుని తూర్పు దారిన పోతాను, పొగ నా వెంట పడుతుంది. వాణ్ణి ఈసారి నా చేతులతోనే చంపుతాను. అంతవరకూ బాకు తిప్పడం తప్ప వేరే పని పెట్టుకోను. ఇక ఏనుగు సంగతి. నేను కనబడినంత కాలం వీడు ఈ దడి వదిలి పోడు. అందుకని ఆ మాంత్రికుడు చచ్చాక కూడా నేను వెంటనే ఇంటికి రాను. మీరెవరూ ఆ పేరుతో పిలవకండి. వీడు మందలో కలిసి, నా పాతచీర వాసన చూపించినా తల తిప్పకుండా మేసుకుంటున్నాడని కబురు చేయండి. అప్పుడు వస్తాను."